బార్బెక్యూ పోటీల ఎంట్రీ ఫీజు అన్యాయమా? ఒక పాత పోటీదారు లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరూ మీ ఆఫీసు మిత్రులు ముగ్గురూ కలిసి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో జరిగే బార్బెక్యూ పోటీకి, అంటే పొగ మీద నెమ్మదిగా మాంసం వండే జట్ల పోటీకి, పేరు ఇవ్వాలనుకున్నారు. ఎంట్రీ ఫీజు 350 డాలర్లు, ప్రకటనలో కనిపించిన బహుమతి సొమ్ము ‘10,000 డాలర్ల వరకు’, వచ్చే జట్లు సుమారు 50. నిర్వాహకుల చేతిలో 17,500 డాలర్లు పడుతున్నప్పుడు మిగిలిన 7,500 ఎవరి జేబులోకి పోతున్నాయి, ఇది వంట జట్ల మీద దోపిడీ కాదా అని మీరు అడిగారు. నేను పదకొండేళ్ళుగా ఒక జట్టుతో ఈ పోటీలలో వంట చేస్తున్నాను. మధ్యలో రెండేళ్ళు ఇలాంటిదే ఒక ఊరి పోటీకి కోశాధికారిగా జమాఖర్చులు కూడా రాశాను. ఫీజు కట్టిన చేత్తోనే ఫీజు వసూలు చేసినవాడిని కనుక రెండు వైపుల సంగతీ చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: 350 అన్న అంకెను చూసి మీరు కంగారు పడనక్కరలేదు, కానీ దాని పక్కనున్న ‘వరకు’ అనే చిన్న మాటను మాత్రం భూతద్దం పెట్టి చూడాలి.

ముందుగా డబ్బు ఎక్కడికి పోతుందో చూద్దాం. అమెరికాలో ఇలాంటి పోటీలు చాలా వరకు ఏదో ఒక సంస్థ నియమావళి కింద జరుగుతాయి. మీ ప్రాంతంలో అది దాదాపుగా 1985లో మొదలైన కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీయే అయి ఉంటుంది. పోటీని నడిపేది ఆ సంస్థ కాదు. నడిపేది ఊరి లయన్స్ క్లబ్బో, వాణిజ్య మండలో, స్వచ్ఛంద అగ్నిమాపక దళమో అయి ఉంటుంది, సొసైటీ మాత్రం నియమాలను, మార్కుల పద్ధతిని, పర్యవేక్షించే ప్రతినిధులను ఇస్తుంది. ఆ గుర్తింపుకు నిర్వాహకులు రుసుము చెల్లించాలి, ప్రతినిధుల రాకపోకలు, బస ఖర్చు భరించాలి. న్యాయనిర్ణేతలకు జీతం ఉండదు; పైగా వాళ్ళే సొంత డబ్బుతో శిక్షణ తరగతికి వెళ్ళి, సభ్యత్వం కట్టి, ఆ గుర్తింపు తెచ్చుకుంటారు. అయితే వాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. ఒక్కో బల్ల దగ్గర ఆరుగురు కూర్చుంటారు, ఒక్కో రకం మాంసం వంతు వచ్చినప్పుడు, జట్లు వండి ఇచ్చిన మాంసం పెట్టెలు ఆ బల్లకు సుమారుగా ఆరు వస్తాయి. అంటే ఎన్ని జట్లు వస్తే దాదాపు అంతమంది న్యాయనిర్ణేతలు కావాలి, వాళ్ళకు తోడు బల్లకొక పెద్ద ఉండాలి. మీరు కట్టే ఒక్క ఫీజు వెనక ఒక గుడారంలో మీ కోసం ఒక మనిషి శనివారం మధ్యాహ్నం అంతా కూర్చుంటున్నాడన్న మాట.

నేను కోశాధికారిగా ఉన్న మొదటి ఏడాది 42 జట్లు వచ్చాయి. జట్టుకు 300 చొప్పున 12,600 డాలర్లు జమ అయ్యాయి. బహుమతులకు ఖాయంగా 10,000 ఇస్తామని ముందే ప్రకటించాం, ఇచ్చాం. మిగిలింది 2,600. మరో వైపు సంస్థ రుసుము, ప్రతినిధుల హోటలు, మైదానంలో ప్రతి జట్టుకూ కరెంటు, నీటి కనెక్షను, తాత్కాలిక మరుగుదొడ్లు, బీమా, రాత్రి కాపలా, నిప్పు ఆరని బొగ్గు పారబోయడానికి ఇనప పీపాలు, జిడ్డు నీళ్ళు ఎత్తించే బండి, ట్రోఫీలు, పెట్టెలు, ఐసు అన్నీ కలిపితే ఖర్చు 9,000 దాటింది. ఇవన్నీ వేరుగా కనిపించినప్పుడు చిన్నవే; కలిపి చూస్తే తడిసి మోపెడవుతాయి. ఆ లోటు ఆరు వేల చిల్లరను ఒక స్థానిక బ్యాంకు, ఒక ట్రాక్టర్ల దుకాణం, శనివారం సాయంత్రం పెట్టిన బీరు గుడారం కలిసి పూడ్చాయి. కాబట్టి మీరు ‘మిగిలిన 7,500’ అని రాసిన మొత్తం మిగులు కాదని, సాధారణంగా అది చాలదని కూడా నేను నమ్మకంగా చెప్పగలను.

మన వైపు ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. అక్కడ మొదటి బహుమతికి ఫలానా దాత, రెండో బహుమతికి ఫలానా దాత అని ఫ్లెక్సీ మీద పేర్లు ఉంటాయి. ఎడ్లను తెచ్చిన రైతు కట్టిన దానితో బహుమతులు ఇస్తున్నారని ఎవరూ అనుకోరు. బార్బెక్యూలోని చిక్కు ఏమిటంటే, ఫీజులు, స్పాన్సర్ల సొమ్ము ఒకే సంచిలో పడతాయి, ఆ సంచి లోపల ఏముందో జట్లకు ఎవరూ చూపించరు. అనుమానం పుట్టేది అక్కడే. లాభాపేక్ష లేని సంస్థ నడిపే పోటీ అయితే ఆ సంస్థ ఏటా పన్నుల శాఖకు సమర్పించే ఫారం 990 అనే జమాఖర్చుల నివేదిక బహిరంగ పత్రమే కనుక కావలసినవారు తీసి చూసుకోవచ్చు. చిన్న క్లబ్బులు మాత్రం వివరాలు లేని పొట్టి రూపం దాఖలు చేస్తే సరిపోతుంది కాబట్టి ప్రతిసారీ అందులో జవాబు దొరకదు.

ఇక ఖర్చు మీ వైపు నుంచి చూడండి. కిందటి వేసవిలో ఒక శనివారానికి మా జట్టు పుస్తకంలో ఉన్న పద్దు ఇది: ఫీజు 300, మాంసం 340, బొగ్గు, కట్టె 60, మసాలాలు, సాసులు, ఫాయిలు, గ్లవుజులు, పెట్టెలో పరిచే ఆకు 70, డీజిలు 180, ఐసు, మా తిండి 80. మొత్తం 1,030. ఫీజు ఇందులో మూడో వంతు కూడా లేదు, మాంసం దాన్ని మించిపోయింది. కారణం చెబితే కొత్తవారికి నవ్వు వస్తుంది. చికెన్ మధ్యాహ్నం 12 గంటలకు, పంది పక్కటెముకలు 12:30కు, పంది భుజం మాంసం 1 గంటకు, బ్రిస్కెట్ అనే ఆవు ఛాతీ మాంసం 1:30కు, ఐదు నిమిషాలు అటూ ఇటూగా, తొమ్మిది అంగుళాల తెల్ల పెట్టెలో అందించాలి. ఒక్కో పెట్టెలో కనీసం ఆరుగురికి సరిపడా ముక్కలు ఉండాలి. ఆ ఆరు ముక్కల కోసం మేము పధ్నాలుగు కోడి తొడలు కాలుస్తాం, వాటిలో ఒకే సైజులో, ఒకే రంగులో, చర్మం ముడత పడకుండా వచ్చిన ఆరింటిని ఏరుకుంటాం. పదిహేను పౌండ్ల బ్రిస్కెట్‌ను రాత్రంతా పొగబెట్టి, పెన్సిల్ మందాన కోసిన ఏడు ముక్కలు మాత్రమే లోపలికి పంపుతాం. పంది భుజంలో మెడ వైపున చారలు చారలుగా ఉండే చిన్న కండను వంటవాళ్ళు ‘మనీ మజిల్’ అని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు, బహుమతి తెచ్చేది అరచేతిలో పట్టే ఆ ముక్కే, తక్కిన ఏడెనిమిది పౌండ్లు మిత్రుల ఫ్రిజ్‌లకు చేరతాయి. వాగ్యూ అనే ఖరీదైన జపాన్ పశుజాతి బ్రిస్కెట్ కొనే జట్లకు ఆ ఒక్క ముద్దే మీ ఫీజులో సగం ఉంటుంది. సరదా కోసం పోటీ చేసేవారు గెలిచిన సొమ్మును ఆదాయంగా చూపించాలి గానీ, 2018 నుంచి ఈ ఖర్చులేవీ ఫెడరల్ పన్నులో తగ్గించుకోలేరన్న సంగతి కూడా మనసులో పెట్టుకోండి.

ఫీజు న్యాయమా కాదా అన్నది తేల్చడానికి నేను మొత్తం కన్నా పంపకాన్ని ఎక్కువగా చూస్తాను. మా 10,000 ఇలా పంచాం: మొత్తం మీద మొదటి జట్టుకు 1,500, రెండో జట్టుకు 1,000, మిగిలిన 7,500ను నాలుగు మాంసాలకు సమానంగా 1,875 చొప్పున విడగొట్టి, ఒక్కోదానిలో మొదటి స్థానానికి 500, రెండోదానికి 350, మూడోదానికి 250, అలా దిగుతూ పదో స్థానానికి 50. ఈ లెక్కన పక్కటెముకలలో రెండో స్థానం వచ్చిన జట్టుకు ఫీజు తిరిగి వచ్చి, పైన 50 డాలర్లు మిగులుతాయి. పదో స్థానం వచ్చినవారు వేదిక ఎక్కి, చప్పట్లు కొట్టించుకొని, డీజిలుకు కూడా చాలని చెక్కు తీసుకుంటారు. కాగితం మీద నలభై స్థానాలకు డబ్బు ఉంది కదా, 42 జట్లలో దాదాపు అందరికీ ఏదో ఒకటి వస్తుందనుకుంటే పొరపాటు. ఆ ఏడాది చెక్కు అందుకున్నవి 19 జట్లే, వాటిలో ఐదు జట్లు కలిసి సగానికి పైగా పట్టుకుపోయాయి. ఏడాదికి పాతిక పోటీలు తిరిగే జట్లకు మీలాంటి కొత్త జట్ల ఫీజు బహుమతిగా చేరుతుందన్నది చేదు నిజమే. అయినా దానిని నేను అన్యాయం అనను. మార్కులు పేరు తెలియకుండా పెట్టె నంబరు చూసి వేస్తారు, మొదటిసారి వచ్చిన జట్టు పెట్టె కూడా అదే బల్ల మీదకు వస్తుంది. కాకపోతే పై స్థానాలకే మరీ ఎక్కువగా పోసి, అడుగున ఎండగట్టే పంపకం కొత్త జట్లను రెండో ఏడు రానివ్వదు. జట్లు రాకపోతే పోటీయే ఆగిపోతుంది.

అన్యాయం అని నేను నిస్సంకోచంగా పిలిచేది వేరొకటి ఉంది, అది మాకే జరిగింది. నాలుగేళ్ళ కిందట ఒక అక్టోబరులో మా ఇంటి నుంచి మూడు గంటల దూరంలోని ఒక ఊరికి, ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం, 325 డాలర్లు కట్టి వెళ్ళాం. ప్రకటనలో 12,000 డాలర్ల బహుమతులు అని పెద్ద అక్షరాలతో వేశారు. శుక్రవారం మధ్యాహ్నానికి మాంసం తనిఖీ అయిపోయింది, బ్రిస్కెట్‌కు సూదితో మసాలా నీళ్ళు ఎక్కించడం పూర్తయింది, స్మోకర్ అనే పొగ పొయ్యిలో బొగ్గు అంటుకుంది. సాయంత్రం 5 గంటలకు వంటవాళ్ళ సమావేశానికి పిలిచి, పెట్టెలు, నంబరు చీటీలు పంచుతూ, నిర్వాహకుడు జేబులోంచి ఒక కాగితం తీసి చదివాడు: 12,000 అన్నది 50 జట్లు వస్తే ఇచ్చేది, వచ్చినవి 31, కాబట్టి ఈసారి బహుమతి సొమ్ము 7,440. గుడారంలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. వెళ్ళిపోదామంటే మాంసం తెరిచాం, హోటలు కట్టాం, సెలవు పెట్టాం. ఒక ముసలాయన మాత్రం చేయెత్తి, ‘మరి మా ఫీజు కూడా 31కి 50 లెక్కన తగ్గుతుందా’ అని అడిగితే నవ్వులు వినిపించాయి గానీ జవాబు రాలేదు. మేము కట్టిన ఫీజులే 10,075 డాలర్లు, అంటే ప్రకటించిన బహుమతులు ఇవ్వడానికి వాళ్ళు స్పాన్సర్ల సొమ్ములోంచి తీయవలసింది రెండు వేలకు మించదు. కంచె పొడవునా కట్టిన స్పాన్సర్ల బ్యానర్లలో మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

జట్లు తక్కువ వస్తే వచ్చే నష్టం ఎవరు భరించాలి అన్నదే ఈ వ్యవహారంలో అసలు ప్రశ్న అని నాకు ఆ రోజు అర్థమైంది. జనాన్ని పిలిచేది, తేదీ నిర్ణయించేది, స్పాన్సర్లను పట్టేది నిర్వాహకులు. అటువంటప్పుడు ఆ నష్టాన్ని, డబ్బు కట్టించుకున్న తరువాత, వెనక్కి తిరగలేని ఘడియలో వంటవాళ్ళ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఇదే కష్టం మాకూ వచ్చింది. నా రెండో ఏడాది 33 జట్లే వచ్చాయి, ఫీజులు 9,900, బహుమతులే 10,000. క్లబ్బు తన నిల్వలోంచి తీసి కట్టింది, ఆ శీతాకాలంలో జరిగిన సమావేశంలో సభ్యులు నన్ను బాగానే నిలదీశారు. మరుసటి ఏడాది నుంచి ‘వరకు’ అని వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. చివరకు, నలభై జట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే 10,000, ముప్పై నుంచి ముప్పై తొమ్మిది వస్తే 8,000, అంతకన్నా తగ్గితే 6,000, పోటీకి రెండు వారాల ముందు లెక్క తేల్చి జట్లకు తెలియజేస్తాం, ఆ రోజు తప్పుకున్నవారికి పూర్తి ఫీజు వాపసు ఇస్తాం అని దరఖాస్తు ఫారం మీదే అచ్చు వేశాం. సొమ్ము తగ్గడం తప్పు కాదు, తగ్గుతుందని ముందే చెప్పకపోవడం తప్పు. ఆ ఏర్పాటు తరువాత తప్పుకున్న జట్టు ఒక్కటే.

ఇలాంటి మెలికలు మరో రెండు ఉన్నాయి. ఒకటి వాన: తుఫాను హెచ్చరికతో పోటీ రద్దయితే ఫీజు తిరిగి ఇవ్వకుండా వచ్చే ఏడాదికి జమ వేసుకుంటారు, వచ్చే ఏడాది మీరు ఆ రాష్ట్రంలో ఉంటారో ఉండరో వాళ్ళకు పట్టదు. రెండోది ‘ప్రజల మెచ్చుకోలు’ పేరుతో జరిగే ఉప పోటీ. సందర్శకులకు టికెట్లు అమ్మి, మీ చేత ముప్పై నలభై పౌండ్ల మాంసం వండించి, గుక్కెడంత కప్పులలో పంచిపెట్టిస్తారు. కొన్ని చోట్ల పచ్చి మాంసం వాళ్ళే ఇస్తారు, ఇంకొన్ని చోట్ల అదీ మీదే, టికెట్ల డబ్బు మాత్రం వాళ్ళది. ఇది ఐచ్ఛికమైతే మంచి సరదా. తప్పనిసరి అని నియమం పెడితే అది ఫీజు మీద రెండో ఫీజు, అచ్చమైన చేతిచమురు భాగవతం.

పెద్ద పోటీల సంగతి ఇందులో కలపకండి. టెనెసీలో 1978 నుంచి జరుగుతున్న మెంఫిస్ ఇన్ మే పోటీలోనూ, టెక్సస్‌లో 1974లో మొదలైన హ్యూస్టన్ రోడియో బార్బెక్యూ పోటీలోనూ జట్లు వేల డాలర్లు చెల్లిస్తాయి, దానిని చూసి చాలామంది ముక్కున వేలేసుకుంటారు. కానీ అక్కడ కొనేది ముఖ్యంగా స్థలం. రెండంతస్తుల వేదికలు కట్టుకొని, కంపెనీల అతిథులను పిలిచి, మూడు నాలుగు రోజులు విందు నడుపుతారు. వంట దానిలో ఒక భాగం. మెంఫిస్‌లో జట్లు సందర్శకులకు ఆహారం అమ్మడానికి వీలు లేదు కాబట్టి ఆ ఖర్చు అమ్మకాలతో రాబట్టుకునే దారి కూడా లేదు, స్పాన్సర్లే దిక్కు. దానిని ఎంట్రీ ఫీజు అనడం కన్నా పెళ్ళి మండపం అద్దె అనుకుంటే సరిగ్గా అర్థమవుతుంది. అయితే అక్కడా ఒక పాఠం ఉంది. 2024 మే నెలలో మెంఫిస్ ఇన్ మే పోటీ లిబర్టీ పార్కుకు మారగా, దాని పాత చోటైన నది ఒడ్డున ఉన్న టామ్ లీ పార్కులో అదే వారం స్మోక్‌స్లామ్ అనే కొత్త పోటీ 2,50,000 డాలర్ల బహుమతులతో దిగింది. ఏళ్ళ తరబడి ఒకే నిర్వాహకుడు చెప్పిన ధరకు తలూపిన జట్లకు ఒక్కసారిగా రెండు బేరాలు కనిపించాయి. ఫీజు ఎంత ఉండాలో సాధారణంగా నియమావళి చెప్పదు. పక్క ఊళ్ళో ఇంకో పోటీ ఉండడమే దానికి కళ్ళెం వేస్తుంది.

మీ నలుగురికీ ఇది మొదటిసారి కాబట్టి చవకైన దారులు కూడా చెప్పాలి. చాలా పోటీలలో పెరటి వంటవాళ్ళ విభాగం అని వేరుగా ఉంటుంది. సాధారణంగా చికెన్, పక్కటెముకలు మాత్రమే వండాలి, ఫీజు తరచుగా అసలు విభాగంలో సగం కూడా ఉండదు, బీఫ్ ముట్టని మిత్రులు జట్టులో ఉంటే ఆ ఇబ్బందీ తప్పుతుంది. స్టేక్ పోటీలు, అంటే మందంగా కోసిన మాంసం ముక్కను కాల్చే పోటీలు, ఇంకా తేలిక: ఫీజు సుమారు 150, కాల్చవలసిన స్టేకులు నిర్వాహకులే ఇస్తారు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అయితే అది బీఫే.

మీ 350 విషయానికి వస్తే, నేనైతే డబ్బు పంపే ముందు నిర్వాహకులకు ఒక మెయిలు రాసి ఇవి అడుగుతాను: కిందటి ఏడాది ఎన్ని జట్లు వచ్చాయి, బహుమతులుగా నిజంగా ఎంత చెల్లించారు, జట్లు తగ్గితే సొమ్ము ఏ లెక్కన తగ్గుతుంది, ఆ సంగతి మాకు ఏ తేదీకి చెబుతారు, వాన వల్ల రద్దయితే ఫీజు ఏమవుతుంది, ప్రజలకు వండి పెట్టడం తప్పనిసరా. నిజాయితీగా నడిపేవారికి ఈ జవాబులు రాయడానికి పది నిమిషాలు పట్టదు, మా క్లబ్బులో ఇలాంటి మెయిళ్ళు నేను పదుల సంఖ్యలో రాశాను. స్పష్టమైన జవాబు వస్తే 350 కట్టి, ఆ డబ్బు తిరిగి రాదనుకొనే హాయిగా వండండి. రాకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకొని, అదే శనివారం ఉదయం న్యాయనిర్ణేతల గుడారంలో సహాయకులుగా పని చేస్తామని పేరు ఇవ్వండి. ఎప్పుడూ మనుషులు తక్కువే కాబట్టి కాదనరు. మధ్యాహ్నం 12 గంటలకు చికెన్ పెట్టెలు వరసగా బల్లల మీదకు వచ్చి, ఒక్కొక్కటిగా మూతలు తెరుచుకుంటున్నప్పుడు పక్కన నిలబడి చూస్తే, ఏ పెట్టెకు అత్యధికమైన తొమ్మిది మార్కులు పడుతున్నాయో, ఏ పెట్టె దగ్గర మొహాలు ముడుచుకుంటున్నాయో ఒక్క డాలరు ఖర్చు లేకుండా తెలుస్తుంది.